మన జిల్లాలలో ఫోన్ సేవలను జనం ఎందుకు వాడతారు, ఎక్కడ ఆగిపోతారు?

పెన్నాగట్టు (అనంతపురం)

సభ్యులందరికీ నమస్కారం. నేను వాణిజ్యశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలలో ఫోన్ ద్వారా అందే సేవలను, అంటే చెల్లింపులు, ధ్రువపత్రాలు, పంట ధరల సమాచారం వంటివాటిని, ప్రజలు ఏ కారణాల వల్ల స్వీకరిస్తున్నారు, ఏ కారణాల వల్ల వెనుకాడుతున్నారు అన్నది నా అంశం.

ఈ విషయంపై వచ్చిన పరిశోధనలలో చాలావాటికి 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన నమూనాయే మూలం. సాధనం తనకు ఉపయోగపడుతుందని మనిషి నమ్మడం, దాన్ని వాడటానికి పెద్ద శ్రమ అక్కరలేదని అనుకోవడం అన్న రెండింటి మీద స్వీకరణ ఆధారపడుతుందని ఆయన అన్నారు. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహపరిశోధకులు వాటికి చుట్టూ ఉన్నవారి ప్రభావాన్ని, అందుబాటులో ఉన్న సహాయ సదుపాయాలను చేర్చారు. 2012లో వెంకటేశ్ మరో ఇద్దరితో కలిసి వినోదం, ధరకు తగ్గ విలువ, అలవాటు అన్న మూడింటిని కలిపారు. అయితే 2003 నాటి నమూనాను సంస్థలలో పనిచేసే ఉద్యోగులపై, 2012 నాటి నమూనాను హాంగ్‌కాంగ్‌లో మొబైల్ ఇంటర్నెట్ వాడేవారిపై పరీక్షించారు. వాటిని తెచ్చి గుత్తిలోనో పత్తికొండలోనో పెడితే ఎంతవరకు నిలుస్తాయన్నది నా సందేహం.

ముసాయిదా ప్రశ్నావళిని తెలిసినవారికి కొందరికి ఇచ్చి చూశాను. దాదాపు ప్రతి ప్రశ్నకూ అందరూ "అంగీకరిస్తాను" అన్న గడిలోనే టిక్కు పెట్టారు. అలా పెట్టినవారిలోనే కొందరు కరెంటు బిల్లు కట్టడానికి ఈనాటికీ పిల్లల చేతికి నోట్లిచ్చి పంపుతున్నారు. ఆ నమూనాలలో లేని కారణాలు మీ అనుభవంలో ఏవైనా ఉంటే తెలియజేయగలరు.

హంద్రీఒడ్డు (కర్నూలు)

మాది పాత బస్తీ వైపు చిల్లర, టోకు కిరాణా అంగడి. మీరు వినియోగదారుల గురించి అడిగారు గానీ, అంగడివాడు ముందు ఒప్పుకోకపోతే కొనేవారి ఇష్టానికి చోటే లేదు గనుక మా వైపు నుంచి చెబుతాను.

మేము క్యూఆర్ పెట్టడానికి మొదటి కారణం 2016 నవంబరు 8. పెద్ద నోట్లు రద్దయ్యాక చిల్లర కరవై, బేరం పోతుంటే చూస్తూ కూర్చోలేక పెట్టుకున్నాము. ఆ తర్వాత నోట్లు తిరిగి వచ్చాయి, మాలో చాలామంది ఆ స్టిక్కరును గోడకే వదిలేసి నగదుకు మళ్లారు. అసలు మార్పు తర్వాత వచ్చింది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి నుంచి రుసుము తీసుకోకూడదని నిబంధన పెట్టారు. మా లాభం రూపాయిలో పైసల లెక్కన ఉంటుంది కాబట్టి ఆ రుసుము ఉండి ఉంటే పప్పులు, నూనెలు అమ్మేవాడెవడూ దీని జోలికి వెళ్లేవాడు కాదు.

రెండవది మీ నమూనాలలో కనిపించని విషయం. అంగడి రద్దీగా ఉన్న వేళ ఎవరో వచ్చి ఫోన్ తెర చూపించి "వేశాను" అని వెళ్లిపోయేవారు, రాత్రి లెక్క చూస్తే ఆ మొత్తం ఉండేది కాదు. దొంగ స్క్రీన్‌షాట్లు చూపే యాప్‌లు కూడా వచ్చాయి. ప్రతిసారీ కొట్లోని కుర్రవాడు నా ఫోన్ చూసి నిర్ధారించాలంటే నేను అంగడి వదిలి కదలడానికి వీలుండేది కాదు. ఎంత వచ్చిందో తెలుగులో పైకి చదివే సౌండ్‌బాక్స్ వచ్చాకనే ఈ చిక్కు తీరింది. నెలకు కొంత అద్దె తీసుకుంటారు, అయినా సంతోషంగానే కడుతున్నాను. ఆ మాట కొన్నవారికీ వినిపిస్తుంది, వెనుక నిలబడినవారికీ వినిపిస్తుంది. చదువురాని ముసలమ్మ మనుమడిచేత డబ్బు వేయించి, పెట్టె మాట విన్న తర్వాతే సంచి ఎత్తుకుంటుంది. ఉపయోగం, సులభత్వం అన్నవి అంతకుముందూ ఉన్నాయి. "అందింది" అని ఇద్దరికీ ఒకేసారి తెలియడం మాత్రం అంతకుముందు లేదు.

ఇంకొక సంగతి. ఖాతా మీద సరుకు తీసుకునేవారు నెలాఖరున నగదే తెస్తారు. ఎంత ఇవ్వాలి, ఎంత తర్వాత ఇవ్వాలి అన్నది ఎదురుగా కూర్చుని తేల్చుకునే వ్యవహారం. అది ఫోన్‌లో జరగదు.

నల్లరేగడి (ఆదోని వైపు)

పత్తి, వేరుశనగ సేద్యం చేస్తాను. "పంట ధరల సమాచారం" అన్న మాట చూసి రాయాలనిపించింది.

ఏ మార్కెట్టులో ఎంత ధర పలుకుతోందో ఫోన్‌లో చూడగలిగితే రైతు ఎక్కువ ధర ఉన్న చోటికి సరుకు తీసుకుపోతాడన్న ఊహ మీద చాలా సేవలు తయారయ్యాయి. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్టు వెనుక ఉన్నదీ కొంతవరకు ఆ ఊహే. ధర మాకు తెలియక కాదు. ఆదోని యార్డులో పొద్దున పలికిన ధర మధ్యాహ్నానికి మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఉంటుంది. విత్తనానికి, మందులకు, కొన్నిసార్లు ఇంట్లో పెళ్లికి కూడా ఏ మండీలో, అంటే ఏ కమీషన్ వ్యాపారి దగ్గర, అడ్వాన్సు తీసుకున్నామో ఆ మండీకే సరుకు వేయాలి. పక్క మార్కెట్టులో క్వింటాలుకు మూడు వందలు ఎక్కువని ఫోన్ చెబితే నాకు కలిగేది బాధ తప్ప లాభం కాదు. "ఈ సేవ ఉపయోగకరమని భావిస్తున్నారా?" అని మీరు అడిగితే అవుననే రాస్తాను. వాడను.

డబ్బు ఖాతాలో పడటం గురించి కూడా ఒక మాట. పాత పంట రుణం బాకీ ఉన్నవాడు, ఖాతాలో పడ్డ మొత్తాన్ని బ్యాంకు ఆ బాకీకి జమ చేసుకుంటుందేమోనని భయపడతాడు. ఆ భయం సరైనదా కాదా అన్నది వేరే విషయం. ఆ భయం ఉన్నంతకాలం అతడు నగదే అడుగుతాడు, మీ లెక్కలో మాత్రం "సాంకేతిక అవగాహన లేనివాడు" కింద పడతాడు.

అదే రైతు బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టించుకోవడానికి క్షణం వెనుకాడలేదు. మామూలు బటన్ల ఫోన్ నుంచి కాల్ చేసి, అది చెప్పిన అంకె నొక్కితే మోటారు ఆడుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు, రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని, పాములు తిరిగే గట్ల మీద నడవాల్సిన అవసరం దానితో తప్పింది. చదువు లేనివారు కూడా ఒక్కరోజులో నేర్చుకున్నారు. దానిని బిగించిన మెకానిక్కు పక్క ఊరివాడే, చెడిపోతే ఫోన్ చేస్తే వస్తాడు. ఈ తేడా ఎందుకు వచ్చిందో మీ పరిశోధన చెప్పగలిగితే నాకు ఆసక్తి ఉంది.

బెంగళూరు_కడపోడు (కడప, ప్రస్తుతం బెంగళూరు)

నేను చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. పై అభిప్రాయాలను గౌరవిస్తూనే కొంత విభేదిస్తాను. ఈ చర్చలో ధర అన్న మొదటి కారణాన్ని అందరూ దాటిపోతున్నారు.

1995 జూలై 31న దేశంలో తొలి మొబైల్ కాల్ జరిగిన నాళ్లలో నిమిషానికి 16 రూపాయల వరకు ఉండేది, వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టవలసి వచ్చేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే ఫోన్ కూలీవాడి జేబులోకి వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర కుప్పకూలింది. అదే ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ, డిసెంబరు చివర భీమ్ యాప్ వచ్చాయి. ఈ మూడూ ఒకే ఏడాదిలో కలవకపోయి ఉంటే మనం ఈనాడు నమ్మకం గురించి, మండీ అడ్వాన్సుల గురించి చర్చించే అవసరమే వచ్చేది కాదు.

సమాజశాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లోనే కొత్త వస్తువు వ్యాపించడానికి అయిదు లక్షణాలు చెప్పారు: పాతదానికంటే మేలు చేయడం, మన పద్ధతులకు ఇమడటం, చిక్కుగా లేకపోవడం, కొద్దిగా వాడి చూడటానికి వీలుండటం, ఫలితం పదిమందికీ కనిపించడం. హంద్రీఒడ్డు గారు చెప్పిన సౌండ్‌బాక్స్ ఆ చివరి లక్షణమే. నాలుగవదానికి మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. కొత్తవారికి డబ్బు పంపేటప్పుడు ముందు ఒక రూపాయి వేసి, "వచ్చిందా?" అని ఫోన్‌లో అడిగి, ఆ తర్వాత మిగతాది వేస్తారు. దీనిని ఏ సంస్థా నేర్పలేదు, వాడేవారే కనిపెట్టుకున్నారు. కాబట్టి పాత సిద్ధాంతాలు మన నేల మీద నిలవవన్న అనుమానం అక్కరలేదని నా అభిప్రాయం. ధర దిగింది, వాడి చూసే వీలు కలిగింది, మిగిలిన సంకోచం వయసుతో పాటు, తరంతో పాటు పోతుంది.

మాండవ్యతీరం (రాయచోటి)

తరంతో పాటు పోతుందని అంత సులభంగా అనకండి అన్నా. నా వయసు ముప్పయి లోపే. డిగ్రీ చదివాను. మా ఆయన కువైట్‌లో ఉంటారు.

మా వైపు ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ముందుగా వచ్చింది వీడియో కాల్ కోసమే. గల్ఫ్‌లో ఉన్న మనిషి ముఖం చూడటానికి అరవై దాటిన అత్తమ్మలు ఐఎంఓ నేర్చుకున్నారు. ఎవరూ తరగతులు పెట్టలేదు, సిగ్నల్ సరిగా అందక మిద్దె ఎక్కి మాట్లాడిన రోజుల్లో కూడా మానలేదు. అదే అత్తమ్మను ఫోన్‌లో గ్యాస్ బుక్ చేయమంటే "నాకు రాదు" అంటుంది. రాకపోవడం కాదు, తప్పు జరిగితే ఇంట్లో మాట పడవలసి వస్తుందన్న జంకు అది. వీడియో కాల్‌లో తప్పు నొక్కితే మళ్లీ చేయవచ్చు. డబ్బు విషయంలో తప్పు నొక్కితే ఏడాది పొడుగునా గుర్తుచేస్తారు.

ఇక నా సంగతి. నా పేరు మీద బ్యాంకు ఖాతా ఉంది, డ్వాక్రా సంఘం ద్వారా తెరిచినది. ఆ ఖాతాకు జతచేసిన నంబరు చాలాకాలం మా ఆయన పాత నంబరే. ఓటీపీ ఆ నంబరుకే పోయేది, ఆ సిమ్ ఒక్కోసారి బీరువాలో, ఒక్కోసారి మరిది ఫోన్‌లో ఉండేది. మా సంఘంలో నాలాంటివారు చాలామందే ఉన్నారు. సర్వేలో "మీకు ఫోన్ ఉందా?" అంటే ఉంది అంటాము, "బ్యాంకు ఖాతా ఉందా?" అంటే ఉంది అంటాము. ఆ రెండూ కలిసే చోట మేము లేము. ఇది ఇష్టాయిష్టాల సమస్య ఎలా అవుతుంది?

ధర దిగిందన్నది కూడా సగం మాటే. 2024 జూలైలో రీఛార్జి ధరలు పెరిగాక, రెండు మూడు సిమ్‌లు ఉన్న ఇళ్లు ముందుగా ఆపింది ఆడవారి సిమ్, ముసలివారి సిమ్. డేటా అక్కరలేనివారికి మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే ప్యాకులు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అదే ఏడాది డిసెంబరులో ఆదేశించాకనే అలాంటి ప్యాకులు వచ్చాయి. సిమ్ ఆగిపోతే ఓటీపీ ఆగుతుంది, ఓటీపీ ఆగితే మీరు చెప్పే సేవలన్నీ ఆగుతాయి.

విశ్రాంత_గుమాస్తా (కడప)

బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. మాండవ్యతీరం గారు రాసిన "తప్పు జరిగితే" అన్న మాట దగ్గర ఆగాలి. నా దృష్టిలో అసలు విషయం అక్కడ ఉంది.

కౌంటరు దగ్గర పనిచేసినన్నాళ్లూ నేను గమనించినది ఒకటే. సేవ సులభమా కష్టమా అని జనం అడగరు, డబ్బు పోతే ఎవరిని అడగాలి అని అడుగుతారు. కౌంటరులో పొరపాటు జరిగితే ఎదురుగా నేను ఉండేవాడిని, నాతో పోట్లాడేవారు, మేనేజరు గది బయట కూర్చునేవారు. ఫోన్‌లో డబ్బు తెగి అవతల చేరకపోతే, యాప్‌వారు బ్యాంకును అడగమంటారు, ఈ బ్యాంకు ఆ బ్యాంకును చూపిస్తుంది. ఇలా తిరిగి తిరిగి విసిగిన మనిషి ఊరంతా చెబుతాడు. సాఫీగా జరిగిన వంద చెల్లింపుల గురించి ఎవరూ చెప్పుకోరు.

నిబంధనలు లేకపోలేదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో ఒకరి నుంచి మరొకరికి పంపిన డబ్బు ఖాతాలో తెగి అవతల జమ కాకపోతే, లావాదేవీ జరిగిన మరుసటి రోజులోగా దానంతట అది వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. 2017 జూలై ఆదేశం ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడో వ్యక్తి మోసంతో డబ్బు పోయినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాలలోపు బ్యాంకుకు తెలిపితే ఖాతాదారుకు నష్టం ఉండదు. కానీ ఓటీపీయో పిన్నో తానే చెప్పినట్లయితే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా అతనిదే. అందువల్లనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడంలో నిమిషాల లెక్క ముఖ్యమవుతుంది. మన జిల్లాలలో ఈ మూడు సంగతులూ తెలిసినవారు ఎందరు? సేవను ప్రచారం చేసే బోర్డు ప్రతి అంగడిలో ఉంది. సేవ విఫలమైతే ఏం చేయాలో చెప్పే బోర్డు నాకు ఎక్కడా కనిపించలేదు.

డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదన్న ఒక్క ముక్క తెలియక మోసపోయినవారిని చాలామందిని చూశాను. పాత సామాను అమ్ముతామని ప్రకటన ఇస్తే, కొంటామన్నవాడు డబ్బు పంపుతున్నట్లు నమ్మించి, డబ్బు అడిగే అభ్యర్థన పంపి పిన్ నొక్కించేవాడు. వ్యక్తుల మధ్య ఆ అభ్యర్థనల పద్ధతిని 2025 అక్టోబరు నుంచి నిలిపివేశారు. మంచిదే గానీ, అప్పటికే ఒకసారి దెబ్బతిన్నవాడు తిరిగి రాడు.

పింఛనుదారుల విషయం కూడా చూడండి. పింఛనుదారు బతికే ఉన్నారని ఆన్‌లైన్‌లో ఇచ్చే ధ్రువపత్రం జీవన ప్రమాణ్ 2014లో వచ్చింది, 2021 నుంచి ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. నవంబరు నెలలో బ్యాంకు వరుసలో నిలబడే బాధ తప్పుతుంది కాబట్టి మా మిత్రులు చాలామంది దీనిని సంతోషంగా స్వీకరించారు. అయితే ఫోన్ పట్టుకున్నది మనుమడో మనుమరాలో, వీరు రెప్పలు ఆర్పారంతే. వీరిని వాడినవారిగా లెక్కిస్తారా, లేదా అన్నది పరిశోధకురాలు తేల్చుకోవాలి. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా అనే ఫోన్ చెల్లింపుల సేవ నిలబడినది వీధి చివరి అంగళ్లలో కూర్చున్న ఏజెంట్ల వల్ల. వారు నగదు తీసుకుని ఫోన్‌లో వేసేవారు, ఫోన్‌లోది నగదుగా ఇచ్చేవారు, తికమక పడితే దారి చూపేవారు. యంత్రం వెనుక ముఖం తెలిసిన మనిషి ఒకడు ఉండాలి. నల్లరేగడి గారి మెకానిక్కు చేస్తున్నది ఆ పనే.

నిర్వాహకులు

దయచేసి ఎవరూ తమ బ్యాంకు పేరు, లావాదేవీ సంఖ్య, ఫోన్ నంబరు ఇక్కడ రాయవద్దు. అలా రాసిన రెండు వ్యాఖ్యలను తొలగించాము.

పనిచోటు (కళ్యాణదుర్గం)

ఉపాధి హామీ పనులలో మేటుగా, అంటే కూలీల పనీ హాజరూ చూసే మనిషిగా చేశాను. మీరంతా ఇష్టం గురించి మాట్లాడుతున్నారు, మాకు ఇష్టం అడిగినవారు లేరు. పనిచోట కూలీల హాజరును ఫొటోతో సహా యాప్‌లో పెట్టే పద్ధతి 2021లో మొదలైంది, 2023 జనవరి నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో. గుట్ట పక్కన కందకాలు తవ్వే చోట సిగ్నల్ ఉండదు. చెమటోడ్చి తవ్విన మనిషి కూలి నా చేతిలోని ఫోన్ మీద ఆధారపడింది, ఆ ఫోన్ నా సొంతది.

సర్వేలో నన్ను అడిగితే రోజూ వాడుతున్నవారి జాబితాలో మొదటి వరుసలో ఉంటాను. వాడకాన్ని ఇష్టానికి కొలతగా తీసుకుంటే మీ లెక్క తప్పుతుంది. ఇంకొక మాట సార్, ఆ యాప్‌తో పడిన ఇబ్బంది వల్ల మా కూలీలలో కొందరు ఫోన్‌లో వచ్చే ఏ ప్రభుత్వ సేవనైనా అనుమానంగానే చూస్తున్నారు. ఒకచోట బలవంతం చేస్తే దాని ఫలితం ఇంకొక సేవ మీద కూడా పడుతుంది.

బెంగళూరు_కడపోడు (కడప, ప్రస్తుతం బెంగళూరు)

మాండవ్యతీరం గారు చెప్పిన ఓటీపీ సంగతి మా రంగంలో చాలామంది ఊహించనిది. ఒక మనిషి, ఒక ఫోన్, ఒక నంబరు, ఒక ఖాతా అన్న లెక్క మీద మేము అంతా నిర్మిస్తాము. ఇంట్లో ఒకే ఫోన్ చేతులు మారే చోట ఆ లెక్క కుదరదు. తరం మారితే పోయే విషయం కాదన్న మీ వాదనను ఈ మేరకు ఒప్పుకుంటాను.

అయితే విశ్రాంత గుమాస్తా గారి వాదనతో పూర్తిగా ఏకీభవించలేను. మనిషి తోడు ఉంటే చాలునన్నట్లయితే, మీసేవ కేంద్రాలు ఉన్నచోట ఫోన్ సేవలు అసలు కదలకూడదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ ద్వారా 161 సేవలతో మన మిత్ర ప్రారంభించినప్పుడు, మా ఇంట్లోవారు దానిని వెంటనే వాడి చూశారు. కారణం చాలా మామూలుది. వాట్సాప్ అప్పటికే ఫోన్‌లో ఉంది. కొత్త యాప్ దించుకోనక్కరలేదు, పాత ఫొటోలు చెరిపి చోటు చేయనక్కరలేదు, కొత్త పాస్‌వర్డు గుర్తుపెట్టుకోనక్కరలేదు. తక్కువ ధర ఫోన్‌లో జాగా నిండిపోవడం అన్నది పెద్ద కారణమని చెబితే పరిశోధకులు నవ్వుతారేమో గానీ, మా దగ్గర యాప్‌ను తీసేసేవారిని అడిగితే ముందుగా చెప్పేది అదే.

మరోవైపు, ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. కాల్ చేసి, మాట విని, అంకెలు నొక్కి డబ్బు పంపవచ్చు. సూత్రప్రాయంగా అది నల్లరేగడి గారి మోటారు స్టార్టర్ లాంటిదే. ఆ ఫోన్ ఉన్నవారిలో దీని పేరు విన్నవారు నాకు మన ఊళ్లలో ఒక్కరూ తారసపడలేదు. బహుశా ఇక్కడ గుమాస్తా గారి మాటే నిజం కావచ్చు. స్టార్టర్‌ను ఒకడు వచ్చి బిగించి, చూపించి, డబ్బు తీసుకుని వెళ్లాడు. దీనిని చూపించడం వల్ల ఎవరికీ లాభం లేదు, అందుకని ఎవరూ చూపించలేదు.

హంద్రీఒడ్డు (కర్నూలు)

ఇంకొక కారణం రాయడం మరిచాను. 2025 జూలైలో బెంగళూరులో చిన్న వ్యాపారులకు యూపీఐ జమల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. వస్తువులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు, సేవలు అందించేవారికి 20 లక్షలు దాటితే నమోదు చేసుకోవాలన్నది నిబంధన. నోటీసుల వార్త రాగానే అక్కడ కొన్ని బండ్ల మీద, కొట్ల మీద క్యూఆర్ తీసేసి "నగదు మాత్రమే" అని రాసిపెట్టారు. కూరగాయలూ పాలూ అమ్మేవారికి పన్ను పడకపోవచ్చు గానీ, నోటీసు చదివించుకోవడానికీ జవాబు రాయించుకోవడానికీ ఆడిటరుకు డబ్బు పెట్టాలి. అనంతపురం, హిందూపురం వ్యాపారులకు బెంగళూరుతో రోజూ రాకపోకలు ఉంటాయి, కబురు ఇక్కడికి చేరడానికి ఎంతసేపు పట్టదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు పెద్ద మొత్తాలకు మాత్రం నగదే అడగడం మొదలుపెట్టారు. వీరికి ఫోన్ వాడటం రాకనో, నమ్మకం లేకనో కాదు. జాడ మిగలడం వారికి ఇష్టం లేదు.

పెన్నాగట్టు (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని కోణాలు వస్తాయని ఊహించలేదు. నా ప్రశ్నావళిలో కొన్ని మార్పులు చేయాలనుకుంటున్నాను, చూసి చెప్పండి.

"సేవ ఉపయోగకరమా?" అన్న ప్రశ్న వెంటనే "ఉపయోగకరమే అయినా వాడకుండా ఆపుతున్నది ఏమిటి?" అని అడిగి, జవాబును వారి మాటల్లోనే రాసుకుంటాను. "ఫోన్ ఉందా?" అన్న ప్రశ్న తీసేసి, ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుంది, ఆ ఫోన్ పగటిపూట ఎవరి దగ్గర ఉంటుంది అని అడుగుతాను. తప్పనిసరిగా వాడుతున్న సేవలనూ ఇష్టపడి వాడుతున్నవాటినీ వేరువేరు భాగాలుగా విడదీస్తాను. మనుమలు చేసిపెట్టే పింఛనుదారుల వంటివారికి, ఇతరుల చేత వాడించుకునేవారు అని మరో వర్గం పెడతాను. నా మార్గదర్శకులు ఈ వర్గానికి అంత సులభంగా ఒప్పుకోకపోవచ్చు. ఎందుకంటే పాత నమూనాలన్నీ నిర్ణయం తీసుకునేవాడూ వాడేవాడూ ఒకరే అనుకుంటాయి. అయినా వాదించి చూస్తాను.

నమ్మకాన్ని ఎలా కొలవాలో మాత్రం తెలియడం లేదు. "ఈ సేవ సురక్షితమని నమ్ముతున్నారా?" అంటే మళ్లీ అందరూ అవుననే అంటారు.

విశ్రాంత_గుమాస్తా (కడప)

నమ్మకం గురించి నేరుగా అడగకండి. "ఫోన్‌లో మీరు పంపే అతి పెద్ద మొత్తం ఎంత? ఎంత దాటితే బ్యాంకుకు స్వయంగా వెళతారు?" అని అడగండి. యూపీఐలో మామూలుగా ఒక లక్ష వరకు పంపవచ్చు, కానీ ఎవరి లక్ష్మణరేఖ వారికి ఉంటుంది. ఒకరికి అయిదు వందలు, ఒకరికి ఇరవై వేలు. ఆ అంకె అబద్ధం చెప్పదు. పోయినా తట్టుకోగలనని మనిషి అనుకునే మొత్తం అది. డబ్బు ఇరుక్కుంటే ఎవరి దగ్గరకు వెళతారో కూడా దాని పక్కనే అడగండి. చెప్పడానికి ఒక పేరు ఉన్నవాడి అంకె పెద్దదిగా ఉంటుందని నా అంచనా.

మాండవ్యతీరం (రాయచోటి)

ఆడవారిని అడిగేటప్పుడు ఇంట్లో మగవారు లేని వేళ వెళ్లండి మేడం, లేదంటే మీ ప్రశ్నకు జవాబు పక్కనుంచి వస్తుంది. డ్వాక్రా సంఘం సమావేశం అయిపోయాక అయితే అందరూ ఒకచోటే దొరుకుతారు, ఒకరు చెప్పడం మొదలుపెడితే మిగతావారూ చెబుతారు. సంతకాలు మాత్రం ముందే అడగకండి. కాగితం మీద సంతకం అంటే ఏదో రుణం అనుకుని లేచిపోతారు.

నల్లరేగడి (ఆదోని వైపు)

గుమాస్తా గారి అంకె ప్రశ్న బాగుంది సార్, కానీ మా దగ్గర జాగ్రత్తగా వాడాలి. నన్ను అడిగితే రెండు వేలు అంటాను. అది నమ్మకం లేక కాదు, సీజను ముగిసేవరకు ఖాతాలో అంతకు మించి ఉండదు. పత్తి అమ్మకాలు జరిగే నెలల్లో అడిగితే ఒక జవాబు, విత్తనం వేసే నెలల్లో అడిగితే ఇంకొక జవాబు వస్తుంది. వీలైతే ఒకే మనిషిని రెండు కాలాల్లోనూ అడగండి. ఆదోనికి వస్తే యార్డులో పొద్దున వేలం ముగిసేదాకా ఆగి మాట్లాడండి, అంతకుముందు ఎవరికీ మీ మాట చెవికెక్కదు.